“ఠగ్గు” అను మాట: దాని పుట్టుకయు వాడుకయు



ముఠా, బందిపోటు, రౌడీ, గూండా, మాఫియా అను మాటలను మీరు వార్తాపత్రికలలో దినదినమును చదువుచున్నారు. వీని యర్థము తెలిసినట్లే యుండును. కాని యొకదానికిని మఱియొకదానికిని గల భేదమేమి, ఇవి యెచ్చటనుండి వచ్చినవి, ఎవరిని గూర్చి వాడదగును, ఎవరిని గూర్చి వాడరాదు అని యడిగినచో జవాబు చెప్పుట సులభము కాదు. ఈ పాఠములో అట్టి మాట నొకదానిని తీసికొని విచారింతము. అది “ఠగ్గు” అను మాట. మన దేశమున పుట్టి, ఇంగ్లీషు భాషలోనికి పోయి, ప్రపంచమంతయు తిరిగిన మాట యిది. దీనిని చూచుచు మన తెలుగువారు అదే మనుష్యులకు పెట్టిన పేరును గూడ చూతము. రెండు పేర్లను పోల్చినచో మనకొక మంచి బుద్ధి దొరకును.

1. దొంగకును ముఠాకును గల భేదము

ఒకడు రాత్రివేళ కన్నము వేసి చెంబును తస్కరించినచో వాడు దొంగ. వాని పని వానితో ముగియును. ముఠా యట్టిది కాదు. అందు నాయకుడుండును, పని పంచుకొనువారుందురు, దొరికిన సొమ్ములో వాటాలుండును, వెనుకనుండి కాపాడు పెద్దమనిషి యొకడు తఱచుగా నుండును. ఒకడు పట్టుపడినను పని నిలిచిపోదు. కావుననే ధర్మశాస్త్రము ముఠానేరమును వేరుగా చూచును. అయిదుగురుగాని అంతకెక్కువమందిగాని కలిసి దోచుకొన్నచో అది వట్టి దోపిడి కాదనియు, బందిపోటుతనమనియు మన చట్టము చెప్పును. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో నున్న యీ లెక్కయే 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 310వ సెక్షనులోను నిలిచియున్నది. పోలీసువారు దీనినే డెకాయిటీ యందురు. హిందీలోని “డాకా” అను మాటనుండి ఇంగ్లీషువారు చేసికొన్న మాట యది.

2. పేర్లు పలువిధములుగా పుట్టును

ఇట్టి ముఠాలవారికి ఆయా దేశములవారు పెట్టిన పేర్లు ఒక్కరీతిగా పుట్టినవి కావు.

ఇటలీ దేశపు సిసిలీ ద్వీపమున “మాఫియా” అను మాట యున్నది. దానికి సంబంధించిన “మాఫియూసు” అను విశేషణమునకు అచ్చటి జనుల నోట మొదట ధైర్యశాలి, డాబుసరి గలవాడు అను అర్థముండెడిది. 1863 లో పలెర్మో చెరసాలలోని ఖైదీలను గూర్చి యొక నాటకము ఆడబడగా, ఆ నాటకపు పేరుతో ఈ మాట నేరస్థులకు అంటుకొని దేశమంతట వ్యాపించెను. అనగా ఆ పేరు గర్వమునుండి పుట్టినది.

జపాను దేశమున ముఠావారిని “యాకూజా” యందురు. అది పేకాటనుండి వచ్చినది. “యా” అనగా 8, “కు” అనగా 9, “సా” అనగా 3. ఈ మూడు ముక్కలను కూడగా 20 వచ్చును. ఆ యాటలో చివరి యంకెకే విలువ గనుక 20 అనగా సున్న. చేతిలో సున్న పడినవాడు, ఎందుకును పనికిరానివాడు అని దాని భావము. ఆ పేరు జూదమునుండి పుట్టినది.

“బాండిట్” అను ఇంగ్లీషు మాట ఇటలీ భాషనుండి వచ్చినది. ఊరినుండి వెళ్లగొట్టబడినవాడని దాని మొదటి యర్థము. ఆ పేరు రాజు విధించిన శిక్షనుండి పుట్టినది.

ఇక మన దేశపు మాటను చూతము.

3. “ఠగ్గు” పదవ్యుత్పత్తి

సంస్కృతమున “స్థగ్” అను ధాతువు కలదు. కప్పుట, మఱుగుపఱచుట దాని యర్థము. మన కావ్యములలో వచ్చు “స్థగితము” అను పదము, అనగా కప్పబడినది, ఈ ధాతువునుండియే వచ్చినది. తన నిజస్వరూపమును కప్పి యితరులను నమ్మించువాడు “స్థగుడు”, అనగా వంచకుడు. ఉత్తరదేశపు భాషలలో నోట నలిగి యీ మాట “ఠగ్” అయ్యెను. నేటికిని హిందీలో “ఠగ్‌నా” అనగా మోసగించుట యనియే యర్థము. సంతలో కల్తీ సరకును మంచి సరకని యమ్మువాడును ఠగ్గే.

కాబట్టి ఈ మాటకు మొదట హంతకుడను అర్థము లేదు. మోసమే దాని ప్రాణము. అయినను దారిలో బాటసారులతో స్నేహము చేసి, నమ్మించి, చంపి, దోచుకొను ముఠాలకు ఈ పేరు కలిగెను. వారి పనిలో కత్తికంటెను మోసమే ముఖ్యమగుటవలన ఆ పేరు వారికి తగినదే యయ్యెను.

4. దక్షిణదేశమువారు పెట్టిన పేర్లు

ఉత్తరదేశమున ఠగ్గులనబడినవారినే దక్షిణదేశమున “ఫాన్సీగారులు” అనిరి. సంస్కృతమున “పాశము” అను మాటకు త్రాడు, ఉచ్చు అని యర్థము. యమపాశమను మాట మీరెఱుగుదురు. అదియే హిందీలో “ఫాఁసీ” యయ్యెను. దానికి పారసీక ప్రత్యయమైన “గార్” చేర్చగా “ఫాన్సీగార్”, అనగా ఉరి వేయువాడు, అయ్యెను.

1799 లో శ్రీరంగపట్టణము ఇంగ్లీషువారి వశమైన వెంటనే బెంగుళూరు ప్రాంతమున ఇట్టివారు సుమారు నూఱుగురు పట్టుబడిరి. తరువాత కొన్ని యేండ్లకు మన తెలుగు సీమలోనిదే యైన చిత్తూరు ప్రాంతమున మేజిస్ట్రేటుగా నుండిన రైట్ దొర మఱికొందఱిని పట్టించెను. ఆ విచారణలలో తెలిసిన సంగతులను చెన్నపట్టణమునందలి డాక్టరు షెర్వుడ్ అను వైద్యుడు కూర్చి 1816 లో ఒక వ్యాసము వ్రాసెను. అది 1820 లో కలకత్తాలో వెలువడిన “ఏషియాటిక్ రిసర్చెస్” సంపుటములో మరల అచ్చుపడినది. ఆ వ్యాసమున ఆయన యీ ముఠాలవారికి నాలుగు భాషలలో నున్న పేర్లను వరుసగా చెప్పెను. భాష నేర్చుకొనువారికి ఈ పట్టిక మిక్కిలి విలువైనది.

ఉత్తరదేశమున ఠగ్గులు, అనగా వంచకులు. కన్నడమున “తంతి కళ్లరు”, అనగా తంతిని, నరపుత్రాడును వాడు దొంగలు. తెలుగున “ఉర్లువాండ్లు”, “ఉర్లు వేసేవాండ్లు”. ఆంగ్లలిపిలో వ్రాయబడుటవలన ఈ మాటలు కొంత వికారమును పొందినను, ఉరులు వేయువారని అర్థము గూడ ఆయనయే యిచ్చెను గనుక మనము వీనిని ఇట్లే చదువుకొనవలెను. అరవమున మాత్రము “ఉరి వేయు తురకలు” అను అర్థము గల పేరుండెడిది.

ఇచ్చట కొంచెమాగి ఈ పేర్లను పరిశీలింపుడు. హిందీ పేరు గుణమును చెప్పుచున్నది. కన్నడపు పేరు సాధనమును చెప్పుచున్నది. తెలుగు పేరు చేసిన పనిని చెప్పుచున్నది. కాని యరవపు పేరు చేసిన పనితోబాటు ఒక మతమును గూడ చెప్పుచున్నది. ఇది సత్యమా? కాదు. ఆ ముఠాలలో హిందువులును మహమ్మదీయులును కలిసియే యుండిరని షెర్వుడ్ వ్రాతయు, తరువాతి విచారణలును తెలుపుచున్నవి. ఏ పాపమెఱుగక పొలము దున్నుకొని, బట్ట నేసికొని బ్రతుకు మహమ్మదీయుడు ఆ పేరులో చిక్కుకొనెను. తెలుగు పేరులో నట్టి యన్యాయము లేదు. ఉరి వేసినవాడే ఉర్లువాడు, వేయనివాడు కాడు. ఈ భేదమును జ్ఞాపకముంచుకొనుడు. పాఠము చివర దీనితో పని యున్నది.

“ఉరి” యను మాట మొదట నేరస్థులది కాదని గూడ గమనింపుడు. చేలలో కౌజుపిట్టలకు ఉరులు ఒడ్డుట మన పల్లెలలో నెఱుగనివారుండరు. అది వేటగాని పనిముట్టు. దానిని మనుష్యులపై ప్రయోగించినప్పుడే అది నేరమయ్యెను.

5. వారి పని తీరు, వారి గూఢభాష

ఆ కాలమున రైలుబండ్లు లేవు, మంచి బాటలు లేవు. బాటసారి నెలల తరబడి నడచి పోవలసి యుండెను. గోలకొండనుండి మచిలీపట్టణమునకు పోవు పాత వర్తకపు దారి మన నల్లగొండ సీమగుండనే పోయెడిది. ఇప్పుడు మన కేతేపల్లి ప్రక్కగా హైదరాబాదు – విజయవాడ రహదారిపై మోటారులు పగలును రాత్రియు పరుగెత్తుచున్నవి. బస్సులో కూర్చున్నవాడు నాలుగైదు గంటలలో విజయవాడ చేరును. నాటి బాటసారికి తోడు దొరకుటయే గొప్ప భాగ్యము. ఒంటరిగా పోవువాడు దారిలో కలసిన మంచిమాటలవానిని దేవుడంపిన తోడనుకొనెడివాడు. ఠగ్గులు ఆ నమ్మికనే పెట్టుబడిగా పెట్టుకొనిరి.

వారు పదుగురుగాని ఏబదిమందిగాని జట్టుగా బయలుదేరి, వర్తకులవలెనో, కొలువు వెదకికొను సిపాయిలవలెనో నటించుచు, బాటసారులతో కలసి కొన్ని దినములు నడచి, కలసి వంట చేసికొని తిని, అనువైన చోట రుమాలుతోగాని త్రాటితోగాని గొంతు బిగించి చంపి, శవములను పూడ్చి, సొమ్ము పంచుకొని పోయెడివారు. ఊరనున్నప్పుడు వీరు సేద్యము చేసికొను మర్యాదస్థులవలె కనబడెడివారు. దక్షిణదేశమున కొందఱు పాళెగాండ్రు వాటా పుచ్చుకొని వీరిని కాపాడుచుండిరని షెర్వుడ్ వ్రాసెను. కాపాడు పెద్దమనిషి లేక ముఠా బ్రతుకదని మొదట చెప్పిన మాటకిది దృష్టాంతము.

వీరికొక గూఢభాష యుండెడిది. ఠగ్గీశాఖ కధికారియైన విలియం స్లీమన్ దానిలోని మాటలను పోగుచేసి 1836 లో కలకత్తాయందు “రామసీయానా” అను పేర నొక నిఘంటువును ప్రకటించెను. బాటసారిని మాటలతో వలలో వేయువాడు “సోథా”; గొంతు బిగించువాడు “భుర్తోట్”; గోతులు త్రవ్వువాడు “లుఘా”; చంపుడని నాయకుడిచ్చు సంజ్ఞ “ఝిర్ణీ”. ఆ సంజ్ఞ యెట్టిదనుకొందురు? పొగాకు తెమ్మనుటవంటి సామాన్యమైన మాటయే. విన్న బాటసారికి అనుమానము కలుగదు. మాటను కప్పుటయే వారి విద్య గనుక, కప్పుట యను ధాతువునుండి వచ్చిన పేరు వారికి సరిపోయినది.

అయితే యొక సంగతి మఱువరాదు. ఠగ్గులను గూర్చి మనకు తెలిసినదానిలో చాలభాగము పట్టుబడిన తరువాత ప్రాణభిక్షకై తోడివారిని చూపించిన సాక్షుల వాఙ్మూలములనుండి వచ్చినది. దానిని వ్రాసికొన్నవారు ఆ శాఖ యధికారులే. కనుక దారిదోపిడి హత్యలు నిజముగా జరిగినను, దేశమంతట వ్యాపించిన యొకే రహస్యమత మున్నదనుటయు, లక్షలకొలది జనులు చచ్చిరను లెక్కలును నమ్మదగినవి కావని నేటి చరిత్రకారులు పలువురు చెప్పుచున్నారు. తెలిసినదానిని, ఊహించినదానిని వేరుచేయుట చదువుకొన్నవాని ధర్మము.

6. మాట ఇంగ్లీషునకు పోవుట

నిజాము ప్రభుత్వపు కొలువులోనుండిన ఫిలిప్ మెడోస్ టైలర్ అను దొర 1839 లో లండనునందు ఠగ్గు యొకడు తన కథ చెప్పుకొన్నట్లుగా నొక నవల ప్రకటించెను. ఆ కథానాయకుడగు అమీర్ అలీ మన హైదరాబాదు నగరమునకు గూడ వచ్చును. ఆ పుస్తకమును ఇంగ్లండులో జనులు మిక్కిలి యాసక్తితో చదివిరి. ఈ మాటను వారి నోళ్లలో నాటిన గ్రంథములలో నది ముఖ్యమైనది. కాలక్రమమున ఇంగ్లీషున ఆ మాట యర్థము మారెను. నేడు వారి భాషలో దాని యర్థము బలప్రయోగము చేయు మొరటువాడు. చూచితిరా! మన దేశమున మెత్తని మాటలతో మోసగించువాని పేరు అచ్చట గదమాయించి కొట్టువాని పేరయ్యెను. అమెరికాలో నీగ్రో యువకులను ఏ నేరమును రుజువుగాకయే కొందఱు ఈ పేరుతో పిలుచుచుండగా, ఇది మనుష్యుని రంగును బట్టి వేయు నిందయేగదాయని వారు బాధపడుచున్నారు.

7. మాట చట్టములోనికి వచ్చుట

మాట వీధిలో నున్నంతవఱకు దానివలన కలుగు కీడు కొంత. చట్టములోనికి వచ్చినచో దానివలన మనుష్యుని ప్రాణమే పోవచ్చును, లేదా యావజ్జీవము చెఱ పట్టవచ్చును. కనుక చట్టమున మాటకు హద్దులుండవలెను.

1836 లో కంపెనీవారు చేసిన 30వ చట్టము ఏమనినది? ఠగ్గుల ముఠాకు చెందినవాడని రుజువైనచో, ఆ చెందుట చట్టమునకు ముందు జరిగినను వెనుక జరిగినను, యావజ్జీవము కఠిన శిక్ష. ఫలానావానిని చంపెనని రుజువు చేయనక్కఱలేదు. ఇంతటి శిక్ష విధించిన ఆ చట్టము “ఠగ్గు” అనగా నెవడో చెప్పనేలేదు!

1860 నాటి శిక్షాస్మృతి యా లోపమును దిద్దినది. దాని 310వ సెక్షనులో, హత్యతో కూడిన దోపిడికిగాని పిల్లల నెత్తుకొనిపోవుటకుగాని ఇతరులతో కలసి అలవాటుగా తిరుగువాడు ఠగ్గని నిర్వచించిరి. ఇచ్చట పేరు పనికి కట్టబడినది. 2024 లో అమలునకు వచ్చిన న్యాయ సంహితలో ఠగ్గు అను మాటయే తీసివేయబడినది. దానికి బదులు 111వ సెక్షనులో వ్యవస్థీకృత నేరమనగా నేయే పనులో లెక్కించి చెప్పిరి. మన తెలుగుదేశమున 1986 లో చేయబడి నేటికిని తెలంగాణమున వాడుకలోనున్న నిర్బంధపు చట్టములో గూండా యను మాట కలదు. అందును, కొన్ని నేరములను అలవాటుగా చేయువాడే గూండా యని నిర్వచనమున్నది. ఆ చట్టముక్రింద విచారణ లేకయే సంవత్సరమువఱకు నిర్బంధింపవచ్చును గనుక, ఆ నిర్వచనమును అధికారులు సరిగా పాటించిరా లేదా యని న్యాయస్థానములు పలుమాఱు పరీక్షించుచున్నవి. ఒక్క మాట యర్థముపై మనుష్యుని స్వాతంత్ర్యము ఆధారపడుట యనగా నిదియే.

8. పేరు పుట్టుకకు అంటుకొనుట

ఠగ్గుల వేటలో నొక తప్పుడు తలంపు బలపడెను. నేరము తండ్రినుండి కొడుకునకు వచ్చు కులవృత్తి యని అధికారులు కొందఱు తలంచిరి. ఆ తలంపు ఫలమే 1871 నాటి నేరజాతుల చట్టము. దానిక్రింద కొన్ని జాతులను మొత్తముగా నేరజాతులని ప్రకటించిరి. 1911 లో దానిని దక్షిణదేశమునకును వర్తింపజేసిరి. మన ప్రాంతములలో ఎఱుకలవారును, లంబాడీలలో కొన్ని వర్గములవారును ఈ పట్టికలలో చేరిరి. లంబాడీలు ఎడ్లమీద ఉప్పును ధాన్యమును దేశమంతట మోసి జనులను పోషించినవారు. రైలుబండ్లు వచ్చి ఆ వృత్తి పోగా వారి తిరుగుడే నేరముగా కనబడెను. పట్టికలో చేరిన జాతివాడు ఠాణాలో పేరు వ్రాయించుకొనవలెను; పిలిచినపుడు హాజరు పలుకవలెను; ఊరు దాటుటకు చీటి పుచ్చుకొనవలెను. అతడేమి చేసెనని ఎవ్వరును అడుగరు. ఎవరికి పుట్టెనని యడిగిన చాలును.

గుంటూరు సీమలో బాపట్ల సమీపమున 1913 ప్రాంతమున ఎఱుకలవారికై స్టూవర్టుపురమను కాలనీ యేర్పడెను. చెన్నపట్టణపు ప్రభుత్వములోని స్టూవర్ట్ దొర పేర వెలసిన ఆ కాలనీని సాల్వేషన్ ఆర్మీ యను క్రైస్తవ సంస్థవారు నడపిరి. వారు భూమిని, చదువును, చేతిపనిని చూపించినమాట నిజమే. కాని దాని వెనుక నున్న చట్టము పుట్టుకను బట్టి మనిషిని బంధించినది. మిషనువారి సేవ గూడ ఆ కంచె లోపలనే జరిగినది. ఇది మనమును చెప్పుకొనవలసిన సత్యము. చట్టము 1952 ఆగస్టు 31వ తేదీన రద్దయ్యెను. నాటినుండి ఆ జాతులను విముక్త జాతులందురు. అయినను ఆ యూరి పేరును దొంగలను మాటతో జతచేసి పలుకు వాడుక మాత్రము చాల యేండ్లు పోలేదు. అచ్చటి బాలుడు పరీక్షలో నెగ్గి కొలువునకు పోయినను ఊరి పేరు చెప్పుటకు జంకవలసి వచ్చెను. కవి గుఱ్ఱం జాషువా కుమార్తెయైన హేమలతా లవణం, ఆమె భర్త లవణం అచ్చట చిరకాలము సంస్కరణకై పాటుపడిరి. చట్టమును రద్దు చేయుట కొక దినము చాలును. మాటను రద్దు చేయుటకు తరములు పట్టును.

9. మన కాలపు దృష్టాంతము

ఇది పాతకథ యని తలంపకుడు. 2018 మే నెలలో మన తెలంగాణమున “పార్థీ ముఠా” దిగినదని, పిల్లల నెత్తుకొనిపోయి చంపుచున్నదని వాట్సాప్‌లో వదంతులు వ్యాపించెను. ఊరూర జనులు కఱ్ఱలు పట్టుకొని రాత్రులు కావలి యుండిరి. భాష తెలియని కూలి, బిచ్చగాడు, మతి చెడినవాడు, చుట్టపు చూపునకు వచ్చినవాడు, ఎవడు కనబడినను అనుమానమే. నిజామాబాదు సీమలోను, పూర్వపు మన నల్లగొండ జిల్లాలోనిదైన బీబీనగరు ప్రాంతమునను, హైదరాబాదు నగరమునను ఏ పాపమెఱుగనివారు గుంపుల దెబ్బలకు ప్రాణములు కోల్పోయిరి. ఎత్తుకొనిపోబడిన పిల్లలెవరని విచారింపగా అంతయు వట్టి వదంతియే.

ఇప్పుడా మాటను విప్పి చూడుడు. మరాఠీలో “పారధ్” అనగా వేట. “పారధీ” అనగా వేటగాడు. వారిలో నొక తెగకు “ఫాసే పారధీ” యని పేరు, అనగా ఉరులతో పిట్టలను, లేళ్లను పట్టు వేటగాండ్రు. 1871 నాటి చట్టపు పట్టికలలో వారును చేరిరి. కౌజుపిట్టకు ఉరి ఒడ్డు పేదవాని కులము పేరు నూటయేబది యేండ్ల తరువాత మన యూళ్లలో హంతకుల ముఠాకు పేరయ్యెను. ఆ పేరు విని జనులు తామే హంతకులైరి. ఉర్లువాండ్లను మన పూర్వులు పనిని బట్టి పిలిచిరి. మనమో పనిని చూడక పేరును చూచి కొట్టితిమి.

అదే కాలమున జోగులాంబ గద్వాల జిల్లా పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరి తన జిల్లాలోని పల్లె పల్లెకును కానిస్టేబుళ్లను పంపి, వచ్చిన వార్త నిజమో కాదో ఎట్లు కనుగొనవలెనో చెప్పించెను. డప్పు వాయించి పాటలు పాడించి అబద్ధపు వార్తలను గూర్చి హెచ్చరించెను. ఆ పల్లెలలో ఈ వదంతులవలన ఒక్క ప్రాణమును పోలేదు. పాలమూరు సీమలోని ఆ పల్లెలవారు మనకంటె ఎక్కువ చదివినవారు కారు. ఒకరు వచ్చి ఓపికతో చెప్పగా విని ఆలోచించిరి, అంతే.

10. పాఠసారము

దొంగను దొంగ యనుట తప్పు కాదు. ముఠాకట్టి పేదలను పీడించువానిని, భూములు కబళించువానిని, పిల్లలకు మత్తుమందులమ్మువానిని గట్టిగా వాని పేరుతో పిలువవలసినదే. భయపడి ఊరకుండుట ముఠాకు బలమిచ్చును. కాని ఆ పేరు వాడు చేసిన పనినుండి రావలెను. వాని తండ్రినుండి, తాండానుండి, మతమునుండి, మాటల యాసనుండి రారాదు. దొంగలచేత చిక్కి దారిప్రక్క పడియున్న బాటసారిని ఎత్తుకొని కాపాడినవాడు తన జాతి పేరే తిట్టుగా వాడబడుచుండిన సమరయుడని మీరు సువార్త పాఠములో చదివియున్నారు.

మన పాఠశాలలో తాండాలనుండి వచ్చు బాలబాలికలున్నారు, ఎఱుకల యిండ్లనుండి వచ్చువారున్నారు, మహమ్మదీయుల పిల్లలున్నారు. బలపము పోయిన దినమున, డబ్బు కనబడని దినమున, ఎవరి సంచి మొదట వెదకుదుము? ఈ పాఠము మీకు పట్టుబడినదో లేదో ఆ దినమున తెలియును. తల్లిదండ్రులును ఇంట పిల్లలయెదుట కులము పేరును తిట్టుగా పలుకకుందురుగాక. పిల్లలు మాటలను మొదట మన నోటనుండియే నేర్చుకొందురు.

అభ్యాసము

1. “స్థగ్” అను ధాతువునకు అర్థమేమి? “ఠగ్గు” అను పదము దానినుండి యెట్లు వచ్చెను?

2. ఠగ్గులకు కన్నడమునను, తెలుగునను, అరవమునను గల పేర్ల యర్థములు వ్రాసి, వానిలో న్యాయమైనది ఏదో, ఏల న్యాయమైనదో తెలుపుడు.

3. 1836 నాటి చట్టమునకును 1860 నాటి శిక్షాస్మృతికిని ఠగ్గు అను పదము విషయమున గల భేదమేమి?

4. “మాఫియా”, “యాకూజా”, “బాండిట్” అను పదములు వేనినుండి పుట్టినవి?

5. మీ యూరిలో ఒక కులము పేరునుగాని ఊరి పేరునుగాని తిట్టుగా వాడుట కలదా? ఆ వాడుక పోవుటకు మీరేమి చేయగలరో పది పంక్తులలో వ్రాయుడు.